యూరిన్ టెస్ట్ చెప్పని సంగతులు: ఓపియాయిడ్ వ్యసన చికిత్స ఫలితాన్ని ఎలా కొలవాలి?

హెరాయిన్, మార్ఫిన్, ఫెంటనిల్ లాంటి ఓపియాయిడ్‌ల వ్యసనానికి చికిత్స కోసం క్లినిక్‌కు వచ్చిన మనిషి చేతికి ఒక ప్లాస్టిక్ కప్పు ఇస్తారు. కప్పుకు అంటించిన చిన్న పట్టీ మీద ఉష్ణోగ్రత అంకెలు ఉంటాయి. నమూనా అప్పటికప్పుడు ఇచ్చిందా, ఎవరిదో జేబులో దాచి తెచ్చిందా అని ఆ పట్టీ చూసి తేలుస్తారు. కొన్నిచోట్ల బాత్రూమ్ తలుపు గడియ పెట్టుకోనివ్వరు. ఇంకొన్నిచోట్ల సిబ్బంది ఒకరు లోపలే నిలబడి చూస్తుంటారు. కాసేపటికి కప్పులో ముంచిన స్ట్రిప్ మీద గీత తేలుతుంది. గీత పడితే నెగెటివ్, పడకపోతే పాజిటివ్. గత నెల రోజులుగా ఆ మనిషి ఎలా నిద్రపోయాడు, ఏం తిన్నాడు, ఎవరితో మాట్లాడాడు, ఎంత కష్టపడి ఇక్కడిదాకా వచ్చాడు అన్నవి ఏవీ ఆ గీతకు తెలియవు. అయినా చికిత్స పనిచేస్తోందా లేదా అనేది చాలాకాలంగా ఆ గీతే తేలుస్తోంది.

ఆ గీత ఎంతవరకు చెప్పగలదో కూడా చూడాలి. మామూలు ఓపియేట్ స్ట్రిప్ మార్ఫిన్, హెరాయిన్ లాంటివాటిని పట్టుకుంటుంది. ఫెంటనిల్‌ను పట్టుకోదు, దానికి వేరే స్ట్రిప్ కావాలి. పోనీ ఫెంటనిల్ స్ట్రిప్ పెట్టారనుకుందాం. రోజూ వాడిన మనిషి ఒంట్లో కొవ్వులో ఫెంటనిల్ పేరుకుని మెల్లగా బయటికి వస్తుంది. పూర్తిగా మానేసినా కొందరికి వారాల తరబడి పాజిటివ్ వస్తూనే ఉంటుంది. ఆ వారాల్లో అతను నిజం చెబుతున్నా నమ్మేవాళ్లు ఉండరు. గసగసాలు తిన్నా పాజిటివ్ రావచ్చన్నది పాత సంగతే. వీటన్నిటికంటే పెద్ద లోపం ఇంకొకటుంది. రోజుకు నాలుగుసార్లు సూదితో ఎక్కించుకునే మనిషి వారానికి ఒకసారికి తగ్గించుకున్నా, సూది మానేసి వేరే దారిలో వాడినా స్ట్రిప్ అదే పాజిటివ్ చూపించవచ్చు. ఎంత, ఎలా, ఎన్నిసార్లు అన్నది దానికి పట్టదు.

ఇద్దరిని పక్కపక్కన పెట్టి చూద్దాం. మొదటి మనిషికి మూడు నెలలుగా అన్నీ నెగెటివ్‌లే. కానీ రాత్రి రెండింటికి మెలకువ వస్తే మళ్లీ నిద్ర పట్టదు. ఇంట్లోంచి బయటికి రాడు, ఫోన్ మోగితే తీయడు, బతికి ఏం లాభం అన్న ఆలోచన రోజూ వస్తుంది. రెండో మనిషికి ఈ నెలలో రెండుసార్లు పాజిటివ్ వచ్చింది. అయితే సూది ముట్టుకుని నాలుగు నెలలైంది, మళ్లీ పనిలో చేరింది, సాయంత్రం కూతుర్ని బడి నుంచి తనే తీసుకొస్తోంది. రికార్డులో మొదటి మనిషి విజయం, రెండో మనిషి వైఫల్యం. తర్వాతి వారం డాక్టర్ ఎవరి గురించి ఎక్కువ కంగారు పడాలో ఆ రికార్డు చెప్పలేదు సరికదా, తప్పు మనిషిని చూపిస్తుంది.

రోగి వైపు నుంచి ఫలితాన్ని చూడాలన్నది ఈ మధ్య పుట్టిన ఫ్యాషన్ కాదు. ఈ చికిత్స పుట్టుకలోనే అది ఉంది. 1964 ప్రాంతంలో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో విన్సెంట్ డోల్, మేరీ నిస్వాండర్ అనే ఇద్దరు వైద్యులు హెరాయిన్ వ్యసనపరులకు రోజూ మెథడోన్ (తనూ ఓపియాయిడే అయినా హెరాయిన్ తహతహను అదుపులో ఉంచే మందు) ఇచ్చి చూశారు. 1965లో అచ్చయిన వారి మొదటి వ్యాసంలో ఉన్నది 22 మంది మాత్రమే. ఆ వ్యాసం ఏం చెప్పింది? కొందరు చదువు మళ్లీ మొదలుపెట్టారని, కొందరికి ఉద్యోగాలు దొరికాయని, తెగిపోయిన కుటుంబాలతో మళ్లీ కలిశారని చెప్పింది. అంటే బతుకు గాడిన పడిందా అన్న ప్రశ్న మొదటి రోజు నుంచే ఉంది. తర్వాతి దశాబ్దాల్లో మెథడోన్ క్లినిక్‌లు వైద్యం కంటే నిఘా ఎక్కువైన చోట్లుగా మారుతూ వచ్చాయి. లెక్కపెట్టడానికి సులువైనది, కోర్టులో చూపించడానికి పనికొచ్చేది, క్లినికల్ ట్రయల్‌లో వాదనకు తావివ్వనిది యూరిన్ టెస్ట్. అందుకే అది నిలబడింది, మిగతావి పక్కకు జరిగాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. యూరిన్ టెస్ట్ మీద కోపంతో గట్టి కొలతలన్నిటినీ తీసిపారేస్తే రోగికే నష్టం. అన్నిటికంటే గట్టి కొలత, ఆ మనిషి బతికున్నాడా లేదా అన్నది. 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక పెద్ద సమీక్ష అనేక దేశాల అధ్యయనాలను కలిపి చూసింది. మెథడోన్ చికిత్సలో ఉన్నవారిలో ఏడాదికి ప్రతి 1000 మందికి సుమారు 11 మరణాలు జరిగితే, చికిత్స వదిలేసిన కాలంలో అది 36కు చేరింది. ఇలాంటిదే ఇంకో మందు బ్యుప్రెనార్ఫిన్ విషయంలో ఆ అంకెలు సుమారు 4, 10. చికిత్స ఆపిన మొదటి నాలుగు వారాలు మరీ ప్రమాదకరం. ఎందుకంటే ఒంటికి అలవాటు తగ్గిపోయి ఉంటుంది, పాత డోసు తీసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. కాబట్టి చికిత్సలో నిలిచి ఉండడం ఎవరో క్లినిక్ సౌకర్యం కోసం పెట్టిన అంకె కాదు, ప్రాణం నిలిచే అవకాశానికి గుర్తు. అమెరికాలో క్లినిక్‌లు, బీమా సంస్థల నాణ్యత లెక్కల్లో 180 రోజుల పాటు మందు ఆగకుండా సాగిందా అని చూడడం ఈ కారణంతోనే.

అయితే ఆ 180 రోజులు ఎలా గడిచాయన్నది ఇంకో ప్రశ్న. మెథడోన్ కోసం తెల్లవారుజామున లేచి, రెండు బస్సులు మారి, క్యూలో నిలబడి, నర్సు ఎదుట మందు మింగి, అప్పుడు పనికి పరుగెత్తే మనిషి కూడా రికార్డులో 180 రోజులు నిలిచినట్టే. నెలకు సరిపడా మందు ఇంటికి తీసుకెళ్లే మనిషీ అంతే. ఈ ఇద్దరి బతుకుల మధ్య ఉన్న తేడాను ఏ గడిలో రాయాలి? కోవిడ్ వచ్చిన 2020 మార్చిలో అమెరికా ప్రభుత్వం నిలకడగా ఉన్నవారికి 28 రోజుల మందు ఇంటికి ఇవ్వడానికి ఒప్పుకుంది. 2024లో ఆ సడలింపులను శాశ్వత నిబంధనలుగా మార్చింది. రోజూ క్లినిక్‌కు వెళ్లాల్సిన మనిషి ఉదయం షిఫ్ట్ ఉద్యోగం చేయలేడు, ఊరు దాటి తల్లిని చూడడానికి వెళ్లలేడు. మందు పనిచేస్తూనే చికిత్స మనిషిని కట్టిపడేయడం సాధ్యమే. ‘చికిత్స వల్ల మీ రోజు ఎంత పోతోంది’ అనే ప్రశ్న చాలా ఫారాల్లో కనిపించదు. కనిపించాలి.

ఏది లెక్కపెడతామన్నదాన్ని బట్టి జవాబు ఎంత మారుతుందో 2018లో లాన్సెట్‌లో వచ్చిన ఒక ట్రయల్‌లో చూడవచ్చు. అమెరికాలో 570 మందిని రెండుగా విడదీసి, ఒక వర్గానికి ఓపియాయిడ్ పనిచేయకుండా అడ్డుకునే నాల్ట్రెక్సోన్ ఇంజెక్షన్ నెలకొకసారి, ఇంకో వర్గానికి రోజూ నాలుక కింద పెట్టుకునే బ్యుప్రెనార్ఫిన్-నలోక్సోన్ ఇచ్చారు. నాల్ట్రెక్సోన్ మొదలుపెట్టాలంటే ముందు ఒంట్లో ఓపియాయిడ్ పూర్తిగా పోవాలి. లేకపోతే విత్‌డ్రాయల్, అంటే మత్తు ఆగినప్పుడు ఒళ్లు పడే బాధ, ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. ఆ గడ్డు రోజులు దాటలేక నాల్ట్రెక్సోన్ వర్గంలో 28 శాతం మంది మందే మొదలుపెట్టలేకపోయారు. బ్యుప్రెనార్ఫిన్‌లో అలా ఆగిపోయినవారు 6 శాతమే. మందు మొదలుపెట్టగలిగినవారిని మాత్రమే చూస్తే రెండూ ఇంచుమించు సమానం. చేరిన అందరినీ లెక్కిస్తే 24 వారాల్లో మళ్లీ వ్యసనంలో పడినవారు నాల్ట్రెక్సోన్‌లో 65 శాతం, బ్యుప్రెనార్ఫిన్‌లో 57 శాతం. ఏ అంకెను ముందు పెడతామో దాన్ని బట్టి శీర్షిక మారిపోతుంది. చేరే రోజున రోగి వేసుకునే ప్రశ్న మాత్రం ఒకటే: ‘నేను మొదటి వారం దాటగలనా?’ ఆ ప్రశ్నకు జవాబు ఆ 28 శాతంలో ఉంది.

మరి రోగులు తమంతట తాము ఏం చెబుతారు? 2018 ఏప్రిల్‌లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఓపియాయిడ్ వ్యసనంతో బతుకుతున్నవారిని పిలిచి వినడానికే ఒక సమావేశం పెట్టింది. 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కొత్త మందుల తయారీదారులకు, మత్తు వాడకాన్ని లెక్కపెట్టడం ఒక్కటే దారి కాదని, ఓవర్‌డోస్‌లు, మరణాలు, ఎమర్జెన్సీకి పరుగులు, వ్యాధి తీవ్రతలో మార్పు లాంటివి కూడా చూపవచ్చని చెప్పింది. రోగులతో కూర్చుని మాట్లాడిన అధ్యయనాల్లో మళ్లీ మళ్లీ వినిపించేవి పెద్ద పెద్ద మాటలు కావు. నిద్ర. పొద్దున లేవగానే విత్‌డ్రాయల్ మొదలవుతుందేమోనన్న టెన్షన్ లేకపోవడం. రోజంతా డబ్బు కోసం వెతుకులాట లేకపోవడం. ఇంట్లోవాళ్లు పర్సు దాచిపెట్టడం మానేయడం. డాక్టర్ కళ్లలోకి చూసి మాట్లాడడం. ఇంకా మందు తెచ్చే ఇబ్బందులు: మలబద్ధకం, విపరీతమైన చెమట, తగ్గిన లైంగిక ఆసక్తి. నోట్లో కరిగే బ్యుప్రెనార్ఫిన్ వల్ల పళ్లు పాడవుతాయని ఎఫ్‌డీఏ 2022లో హెచ్చరించింది. ఆ మందు అమెరికాలో 2002 నుంచి ఈ చికిత్సలో ఉంది. పళ్ల గురించి క్రమం తప్పకుండా అడిగి ఉంటే అంతకాలం పట్టేదా అనిపిస్తుంది.

ఇలాంటివి అడగడానికి ఫారాలు లేకపోలేదు. 1980 నుంచి వాడుకలో ఉన్న అడిక్షన్ సివియరిటీ ఇండెక్స్ ఆరోగ్యం, ఉద్యోగం, మద్యం, డ్రగ్స్, చట్టపరమైన చిక్కులు, కుటుంబం, మానసిక స్థితి అని ఏడు రంగాలను చూస్తుంది. మంచి సాధనమే కానీ పొడుగు. నాలుగే ప్రశ్నలతో ముగించేవీ ఉన్నాయి, పది ప్రశ్నలవీ ఉన్నాయి. వీటిలో రెండింటిని దగ్గరగా చూడడం మేలు.

మొదటిది ఇంగ్లండ్‌లో చికిత్స కేంద్రాలన్నీ వాడే ట్రీట్‌మెంట్ అవుట్‌కమ్స్ ప్రొఫైల్. 20 అంశాలు, గత 28 రోజుల లెక్క. కౌన్సెలర్, రోగి పక్కపక్కన కూర్చుని ఒక్కో వారాన్ని వెనక్కి గుర్తుచేసుకుంటారు. పోయిన వారం ఏడు రోజుల్లో హెరాయిన్ ఎన్ని రోజులు? అంతకు ముందు వారం? నాలుగు గడుల్లో నాలుగు అంకెలు పడతాయి. పాత వారం నుంచి ఈ మధ్య వారం దాకా చదివితే 7, 5, 2, 1 అని పడితే ఆ వరుసే ఒక కథ చెబుతుంది. యూరిన్ టెస్ట్ నాలుగు వారాలూ పాజిటివ్ అని రాసి ఉండవచ్చు. తర్వాత సూది వాడిన రోజులు, పనికెళ్లిన రోజులు, ఇల్లు ఖాళీ చేయాల్సిన ప్రమాదం ఉందా అన్న ప్రశ్న వస్తాయి. చివర్లో మానసిక ఆరోగ్యానికి, శారీరక ఆరోగ్యానికి, మొత్తం జీవితానికి 0 నుంచి 20 వరకు ఒక స్కేలు ఉంటుంది. రోగి వేలు పెట్టి చూపించాలి.

రెండోది లండన్ కింగ్స్ కాలేజీ పరిశోధకులు 2016లో బయటికి తెచ్చిన ష్యూర్ అనే ప్రశ్నావళి. దీని తయారీలో వ్యసనం నుంచి కోలుకుంటున్నవారికే పెద్ద పీట వేశారు. ఏ ప్రశ్న ఉండాలి, ఏ మాట గుచ్చుకుంటుంది, ఏది అర్థం కాదు అన్నవి వాళ్లను అడిగే తేల్చారు. 21 వాక్యాలు, గత వారం గురించి. మత్తు వాడకం, సొంత ఆలనాపాలనా, సంబంధాలు, ఇల్లూ డబ్బూ లాంటి ఆధారాలు, బతుకు మీద ఆశ అని అయిదు భాగాలు. ఎవరూ పక్కన లేకుండా రోగి ఒక్కరే నింపవచ్చు. వైద్యుల దృష్టిలో కోలుకోవడం ఒకటి, కోలుకుంటున్న మనిషి దృష్టిలో ఇంకొకటి అని ఒప్పుకుని మొదలైన పని కాబట్టే ఇది విలువైనది.

మెథడోన్ లేదా బ్యుప్రెనార్ఫిన్ తీసుకుంటూ ఉన్న మనిషి కోలుకున్నట్టా, లేదా? మానసిక జబ్బులను నిర్ధారించడానికి అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో తెచ్చిన డీఎస్ఎమ్-5 అనే పుస్తకం దీనికి స్పష్టంగా సమాధానం చెప్పింది. వ్యసనాన్ని గుర్తించే 11 లక్షణాల్లో ఒంటి అలవాటు, విత్‌డ్రాయల్ అనే రెండింటిని డాక్టర్ పర్యవేక్షణలో మందు వాడేవారికి లెక్కించకూడదు. మిగతా లక్షణాలు, ఒక్క తహతహ తప్ప, 12 నెలలు లేకపోతే అది నిలకడైన ఉపశమనమే, మందు నడుస్తున్నా సరే. అయినా ఇప్పటికీ కొన్ని కేంద్రాల్లో, కొన్ని సహాయ బృందాల్లో మందు మీద ఉన్నవారిని ‘క్లీన్’ అనరు. పాజిటివ్ వస్తే ‘డర్టీ యూరిన్’ అనే మాట వైద్యుల నోట కూడా వస్తుంది. షుగర్ పరీక్షలో అంకె పెరిగితే ఎవరి రక్తాన్నీ మురికి అనరు కదా. ఏ ఫారమైనా వైద్యుడు రాసిన మందును మత్తు వాడకం గడిలో కలిపేస్తే ఆ ఫారం మనిషి బాగుపడడాన్నే తప్పుగా నమోదు చేస్తున్నట్టు. ఇంత చిన్న పొరపాటు వల్ల బాగున్నవాళ్లు మందు ఆపేసుకుంటారు, ఆ తర్వాతి నాలుగు వారాలు ఏమిటో పైన చూశాం.

ఇప్పుడు అసలు చిక్కు. రోగిని అడిగితే నిజం చెబుతాడా? ఈ అనుమానం వల్లే దశాబ్దాలుగా కప్పు మాటకున్న విలువ మనిషి మాటకు లేకుండా పోయింది. ఆస్ట్రేలియా పరిశోధకుడు షేన్ డార్క్ 1998లో ఉన్న అధ్యయనాలన్నీ సమీక్షించి, సూదితో మత్తు వాడేవారు తమ గురించి ఇచ్చే సమాచారం పరిశోధనకు సరిపడేంత నమ్మదగినదే అని తేల్చారు. పరిశోధనలో చెప్పిన జవాబు వల్ల ఎవరి మందూ ఆగదు. క్లినిక్‌లో అలా కాదు. ‘పోయిన వారం రెండుసార్లు వాడాను’ అంటే ఇంటికిచ్చే మందు రద్దు కావచ్చు. ఆ కాగితం కోర్టుకు, పిల్లల సంరక్షణ అధికారికి చేరవచ్చు. అలాంటప్పుడు సున్నా అని రాసే మనిషిని అబద్ధాలకోరు అనడం అన్యాయం. జవాబుకు శిక్షను ముడిపెట్టిన తర్వాత అది కొలత కాదు, విచారణ. రోగిని కేంద్రంగా చేసుకున్న ఫారం ఎంత బాగున్నా, దాన్ని ఈ భయం మధ్యలో పెడితే వచ్చే అంకెలు అందంగా ఉంటాయి, పనికిరావు.

కాబట్టి ప్రశ్నలు ఎంచుకోవడం కంటే ముందు తేల్చాల్సింది, జవాబు ఎవరు చూస్తారు, చూసి ఏం చేస్తారు అన్నది. మందు ఇచ్చే నిర్ణయం తీసుకునే మనిషే ఫారం నింపించకుండా ఉంటే మేలు. ట్యాబ్లెట్ కంప్యూటర్‌లో ఒంటరిగా నింపనివ్వడం ఇంకా మేలు. ‘మీరు ఏం రాసినా మీ డోసు తగ్గదు’ అని ముందే చెప్పాలి, ఆ మాట నిలబెట్టుకోవాలి. ఒక్కసారి మాట తప్పితే చాలు, వెయిటింగ్ హాల్లో ఆ కబురు సాయంత్రంలోపు అందరికీ చేరుతుంది.

అంకెకు డబ్బు ముడిపెట్టినా ఇదే జరుగుతుంది, ఈసారి క్లినిక్ వైపు నుంచి. ఇంగ్లండ్‌లో 2012లో ఎనిమిది ప్రాంతాల్లో ఫలితాలను బట్టి కేంద్రాలకు చెల్లింపులు చేసే పద్ధతిని ప్రయత్నించారు. చికిత్స పూర్తి చేసేవారు పెరుగుతారన్న ఆశ నెరవేరలేదు. ఇల్లు లేని, పని లేని, మానసిక జబ్బు కూడా ఉన్న మనిషిని చేర్చుకుంటే స్కోరు తగ్గుతుందని తెలిసినప్పుడు ఏ కేంద్రానికైనా అలాంటి మనిషి బరువుగానే కనిపిస్తాడు. రెండు కేంద్రాలను పోల్చాలంటే వచ్చిన మనుషులు ఏ స్థితిలో వచ్చారన్నది తప్పనిసరిగా లెక్కలోకి రావాలి.

మనిషి సొంత అంచనాకూ మెలికలున్నాయి. మొదటి రోజు తన జీవితానికి 20కి 12 వేసుకున్న మనిషి ఆరు నెలల తర్వాత 10 వేసుకోవచ్చు. దిగజారాడని కాదు. మత్తు తగ్గాక అప్పులు, పాడైన పళ్లు, దూరమైన పిల్లలు కళ్లకు స్పష్టంగా కనిపిస్తున్నాయి. కొలబద్దే మారిపోయింది. అందుకే అంకెతో ఆగకుండా ‘పోయినసారి కంటే ఎందుకు తగ్గింది’ అని ఒక్క మాట అడగాలి. సగటుల వల్ల కూడా ఇలాగే మోసపోతాం. సగం మంది బాగా మెరుగై, సగం మంది దిగజారితే సగటు కదలదు. కేంద్రం నివేదికలో ‘మార్పు లేదు’ అని పడుతుంది.

ఈ కొలతలు నిజంగా పనికొచ్చేది గదిలో, రోగి ఎదురుగా ఉన్నప్పుడు. ఉదాహరణకు మెథడోన్ మీద ఉన్న ఒకరి మానసిక ఆరోగ్యం స్కోరు రెండు నెలల్లో 14 నుంచి 8కి పడిందనుకుందాం. యూరిన్ టెస్ట్‌లు బాగానే ఉన్నాయి. అడిగితే, తెల్లవారుజామున చెమటలు పట్టి లేస్తున్నానని, ఆ రెండు గంటలు పాత ఫోన్ నంబర్లు గుర్తొస్తున్నాయని చెబుతారు. అంటే డోసు తర్వాతి రోజు వరకు సరిపోవడం లేదు. కొందరి ఒంట్లో మెథడోన్ త్వరగా కరిగిపోతుంది. డోసు పెంచడమో, రెండుగా విడదీసి ఇవ్వడమో చేస్తే సరిపోతుంది. ఆ స్కోరు చూడకపోతే ఈ సంగతి ఎప్పుడు తెలిసేది? బహుశా ఒక పాజిటివ్ వచ్చాక, అప్పుడు కూడా హెచ్చరికతోనే సరిపెట్టేవారేమో. నింపించిన ఫారాన్ని ఎవరూ చూడకుండా ఫైల్లో పెట్టేసే చోట రోగులు మూడోసారికల్లా అన్ని గడుల్లో ఒకే అంకె వేసి ఇచ్చేస్తారు. వాళ్లను తప్పుపట్టలేం.

ప్రతి ఒక్కరి లక్ష్యం కూడా ఒకటి కాదు. ఒకరికి మత్తు పూర్తిగా మానేయాలని, ఒకరికి సూది మానితే చాలని, దీర్ఘకాలం నొప్పితో ఉన్న ఇంకొకరికి నొప్పి అదుపులో ఉంటూ వ్యసనం పోవాలని ఉంటుంది. 1968లో మానసిక ఆరోగ్య సేవల కోసం తయారైన గోల్ అటైన్‌మెంట్ స్కేలింగ్ అనే పద్ధతిలో ఒక్కో రోగికి సొంత లక్ష్యాలు రాస్తారు, ఎంతవరకు చేరితే ఎంత అన్నది కూడా ముందే నిర్ణయిస్తారు. అందరికీ ఒకే ఫారం ఇచ్చి, చివర్లో ఇలాంటి సొంత గడి ఒకటి కలిపితే పోల్చడానికి వీలూ ఉంటుంది, మనిషికి తన మాట చెప్పుకునే చోటూ ఉంటుంది.

ఇంతా చేసి ఈ ఫారాలన్నీ నింపేది వచ్చినవాళ్లే. రావడం మానేసినవాళ్ల గడులు ఖాళీగా ఉంటాయి. ట్రయల్స్‌లో చాలాసార్లు రానివాళ్లందరినీ ‘మళ్లీ వాడుతున్నారు’ అని లెక్కేస్తారు, క్లినిక్ నివేదికల్లో అసలు లెక్కలోకే తీసుకోరు. రెండూ ఊహలే. ఒకరు వేరే ఊరికి మారి అక్కడ చికిత్సలో చేరి ఉండవచ్చు, ఒకరు జైల్లో ఉండవచ్చు, ఒకరు చనిపోయి ఉండవచ్చు. చేరే రోజునే ‘మీరు రావడం మానేస్తే ఎవరికి ఫోన్ చేయాలి’ అని అడిగి, అనుమతి తీసుకుని నంబర్ రాసుకునే కేంద్రానికి ఈ ఖాళీలు నింపే దారి ఉంటుంది. అపాయింట్‌మెంట్ తప్పిన వారంలోనే ఆ ఫోన్ వెళ్లాలి. ఎందుకు రాలేదని నిలదీయడానికి కాదు. ఒంటరిగా ఉన్నారా, ఓవర్‌డోస్ అయితే ప్రాణం నిలబెట్టే నలోక్సోన్ ఇంట్లో ఉందా అని అడగడానికి, రేపు వస్తే మళ్లీ మొదటి నుంచి పేరు రాయించుకోకుండా మందు ఇస్తామని చెప్పడానికి.